గాజులో దాగిన ఇనుము

కంప్యూటర్‌లో గాజును నిజమనిపించేలా సృష్టించడానికి స్వచ్ఛత ఒక్కటే చాలదు. కిరండూల్ రైలు కిటికీ చెప్పే పాఠం అదే.

విశాఖపట్నం నుంచి పొద్దున్నే బయలుదేరే కిరండూల్ రైల్లో కిటికీ పక్క సీటుకి ఎప్పుడూ గిరాకీయే. 2017 ఏప్రిల్‌లో దేశంలోనే మొట్టమొదటి విస్టాడోమ్ బోగీని తగిలించింది ఈ రైలుకే. అరకు దాకా వెళ్లే పర్యాటకుల కోసం కిటికీలే కాదు, పైకప్పులో కూడా అద్దాలు బిగించారు. కొత్తవలస దాటి తూర్పు కనుమలు ఎక్కడం మొదలైతే ఒక పక్క లోయ, మరో పక్క కొండ. మధ్యలో యాభైకి పైగా సొరంగాలు. రైలు సొరంగంలోకి దూరిన మరుక్షణం ఒక వింత జరుగుతుంది. అప్పటిదాకా లోయను చూపించిన కిటికీ ఒక్కసారిగా ప్రయాణికుడి ముఖాన్ని అతనికే చూపిస్తుంది. బయటికి రాగానే ముఖం మాయం, మళ్లీ లోయ ప్రత్యక్షం.

కిటికీ మారలేదు. మారింది అవతలి వెలుగు. పిల్లలు కేరింతలు కొట్టే ఈ దృశ్యాన్ని పెద్దలు పట్టించుకోరు. కానీ కంప్యూటర్ గ్రాఫిక్స్‌లో గాజును సృష్టించాలనుకునే వాళ్లకి ఇదే మొదటి పాఠం. చాలామంది ఆలస్యంగా నేర్చుకునే పాఠం కూడా ఇదే.

గ్రాఫిక్స్‌లో చెట్టు గీయడం కష్టం, మనిషి ముఖం మరీ కష్టం అని అందరూ ఊహిస్తారు. గాజు గ్లాసు కష్టమంటే నమ్మరు. ఆకారం చూస్తే నాలుగు గీతలు. రంగు లేదు, నూగు లేదు, గరుకు లేదు. కొత్తగా నేర్చుకుంటున్న కుర్రాడు కంప్యూటర్‌లో గ్లాసు ఆకారం తయారు చేసి, పారదర్శకత అని ఉన్న మీట నూటికి నూరుకి తిప్పుతాడు. గ్లాసు మాయమవుతుంది. కంగారుపడి డెబ్భైకి తగ్గిస్తాడు. ఈసారి కనిపిస్తుంది కానీ అది గాజు కాదు, పాత సినిమాల్లో గోడలోంచి నడిచొచ్చే దెయ్యం లాంటి గ్లాసు. వెనకున్నది వెలిసిపోయినట్టు కనిపిస్తుంది తప్ప వంగదు, మెరవదు, అంచుల్లో చిక్కబడదు.

అతను చేసిన పొరపాటు చిన్నదే. గాజు అంటే ఏమీ లేకపోవడం అనుకున్నాడు. నిజానికి గాజు తనవైపు వచ్చిన ప్రతి వెలుగు కిరణంతోనూ ఏదో ఒకటి చేస్తుంది. కొంత వెనక్కి పంపుతుంది, కొంత వంచి లోపలికి పంపుతుంది, కొంత మింగేస్తుంది. ఈ మూడు లెక్కలూ సరిగ్గా కుదిరితేనే కన్ను ఒప్పుకుంటుంది.

లెక్క తప్పితే ఏమవుతుందో తెలుగువారికి ఎవరూ చెప్పక్కర్లేదు. మయసభలో దుర్యోధనుడు స్ఫటికపు నేలను నీళ్లనుకుని బట్టలు పైకెత్తుకున్నాడు, నీటిని నేలనుకుని మడుగులో పడ్డాడు. 1977లో వచ్చిన ‘దానవీరశూరకర్ణ’లో ఎన్టీఆర్ మయసభ ఘట్టం తెలుగువారి జ్ఞాపకాల్లో ఇప్పటికీ చెదరలేదు. కురు రాజుని అవమానించింది ద్రౌపది నవ్వే కావచ్చు. మోసం చేసింది మాత్రం కాంతి. నీటిని నేలలా, నేలను నీటిలా చూపించగలిగాడంటే మయుడు ఆ రెండింటి మీదా వెలుగు ఎలా నడుస్తుందో తెలిసినవాడై ఉండాలి. యానిమేషన్ పరిశ్రమలో 1998 నుంచీ విరివిగా వాడుతున్న ఒక సాఫ్ట్‌వేర్ పేరు ‘మాయ’ కావడం అతికినట్టు సరిపోయింది.

కంప్యూటర్ తెరమీద మయుడి పని మొదలుపెట్టిన వాళ్లలో ముఖ్యుడు టర్నర్ విటెడ్. అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన ఈ శాస్త్రవేత్త 1980లో ఒక పరిశోధనా పత్రం ప్రచురించాడు. అందులోని బొమ్మలో ఎరుపు, పసుపు గళ్ల నేల మీద తేలుతున్న రెండు గోళాలు ఉంటాయి. వాటిలో ఒకటి పారదర్శకం. దానిలోంచి చూస్తే వెనకున్న గళ్లు వంకర్లు తిరిగి కనిపిస్తాయి. ఆ ఒక్క బొమ్మ గీయడానికి అప్పటి వ్యాక్స్ కంప్యూటర్‌కి 74 నిమిషాలు పట్టింది. ఈ రోజు వీడియో గేమ్ ఆడే కుర్రాడి కంప్యూటర్ అలాంటి బొమ్మల్ని సెకనుకి పదుల సంఖ్యలో గీసి పారేస్తుంది.

విటెడ్ పద్ధతి వినడానికి తలకిందులుగా ఉంటుంది. వెలుగు దీపం నుంచి బయలుదేరి వస్తువు మీద పడి కంటికి చేరుతుంది కదా. ఆయన కంటి నుంచే కిరణాన్ని వెనక్కి నడిపించాడు. తెరమీద ఒక్కో చుక్క నుంచి ఒక్కో కిరణం. అది గాజుకు తగిలిన చోట రెండుగా చీలుతుంది. ఒకటి అద్దం మీద పడినట్టు వెనక్కి తిరుగుతుంది, రెండోది వంగి లోపలికి పోతుంది. లోపలికి పోయినది అవతలి గోడకి తగిలి మళ్లీ రెండవుతుంది. చీలికలు చీలికలై పది మెట్లు దాటేసరికి ఒక్క కిరణం వెయ్యి దాటిపోతుంది. ఎక్కడో ఒకచోట ఆపెయ్యాలి. మరీ ముందే ఆపేస్తే గాజులో అక్కడక్కడా నల్లటి మచ్చలు మిగులుతాయి. ఒకదాని వెనక ఒకటిగా నాలుగు సీసాలు పెట్టి, రెండు మెట్లకే ఆపేసిన వాళ్లకి చివరి సీసా సిరాబుడ్డిలా కనిపించడానికి కారణం ఇదే.

కిరణం ఎంత వంగాలో చెప్పే సూత్రం పాతదే. 1621లో డచ్ గణిత పండితుడు స్నెల్ దాన్ని కనుగొన్నాడని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. అంతకు ఆరు శతాబ్దాల ముందే బాగ్దాద్‌లో ఇబ్న్ సహల్ ఆ సంగతి రాసిపెట్టాడు. ప్రతి పదార్థానికీ ఒక వక్రీభవన గుణకం ఉంటుంది. గాలికి దాదాపు 1, నీటికి 1.33, కిటికీ గాజుకి 1.52, వజ్రానికి 2.42. గాజు పాత్రకి పొరపాటున వజ్రం అంకె ఇస్తే అది వజ్రమూ అవదు, గాజుగానూ మిగలదు. ఎక్కడ తప్పిందో చూసేవాళ్లు చెప్పలేరు, కానీ తప్పిందని మాత్రం తెలిసిపోతుంది. కన్ను లెక్క చెప్పలేకపోవచ్చు గానీ లెక్క పట్టుకుంటుంది.

రెండో సూత్రం సొరంగానిది. పంతొమ్మిదో శతాబ్దపు మొదటి భాగంలో ఫ్రెంచి ఇంజనీరు ఫ్రెనెల్ గాజు ఎంత వెలుగును వెనక్కి పంపుతుందో లెక్కగట్టాడు. ఎదురుగా నిలబడి చూస్తే గాజు ఒక్కో ముఖం నుంచి నూటికి నాలుగు వంతుల వెలుగు వెనక్కి వస్తుంది. కిటికీ పలకకి రెండు ముఖాలు కాబట్టి ఎనిమిది వంతులు. పగటిపూట లోయ నుంచి వచ్చే వెలుగు ముందు ఈ ఎనిమిది వంతులు ఏపాటి? కనిపించవు. సొరంగంలో అవతల చీకటి. అప్పుడు ఆ ఎనిమిది వంతులే సర్వస్వం. ప్రయాణికుడి ముఖం కిటికీలో పగలంతా ఉంది. లోయ వెలుగు దాన్ని కప్పేసింది, అంతే. ఏసీ బోగీల్లాగా రెండు పలకలు బిగించిన కిటికీ అయితే ముఖం పక్కనే కాస్త జరిగిన మరో ముఖం కూడా కనిపిస్తుంది. కంప్యూటర్‌లో కాగితంలా మందం లేని పలకతో కిటికీ చేసిన వాళ్లకి ఆ రెండో ముఖం దొరకదు.

చూపు ఏటవాలైన కొద్దీ ఈ వంతు పెరుగుతుంది. నిలువు చూపు నుంచి 80 డిగ్రీలు పక్కకి వాలితే ఒక్కో ముఖం నుంచే నూటికి దాదాపు 39 వంతులు వెనక్కి వస్తాయి. అందుకే కిటికీకి తల ఆనించి రైలు వెంట ముందుకు చూస్తే అద్దం పాదరసం పూసినట్టు మెరుస్తుంది. గుండ్రటి సీసా అంచులు మెరిసేదీ ఇందుకే. నడుమ భాగం మన కంటికి ఎదురుగా ఉంటుంది, అంచులు ఏటవాలుగా తిరిగి ఉంటాయి. ఫ్రెనెల్ లెక్క పెద్దది కాబట్టి 1994లో క్రిస్టోఫ్ ష్లిక్ దానికి ఒక సులువైన దగ్గరి దారి కనిపెట్టాడు. నేటి వీడియో గేముల్లో తడి రోడ్లూ కారు అద్దాలూ మెరిసేది చాలావరకు ఆ దారి పుణ్యమే.

సూత్రాలన్నీ వచ్చినా గాజు కుదరకపోవచ్చు. గాజుకి సొంత ముఖం లేదు. చుట్టూ ఏముంటే అదే దాని ముఖం. ఖాళీ గదిలో, బూడిదరంగు నేపథ్యంలో ఎంత గొప్ప గాజు పెట్టినా బూడిదరంగే కనిపిస్తుంది. ప్రకటనల కోసం సీసాలు ఫొటోలు తీసేవాళ్లకి ఇది తరాలుగా తెలుసు. వాళ్లు సీసాని వెలిగించరు, దాని వెనకున్న తెరని వెలిగిస్తారు. కెమెరాకి కనపడకుండా అటూ ఇటూ నల్ల అట్టలు నిలబెడతారు. ఆ నలుపు సీసా అంచుల్లోకి వంగి వచ్చి కాటుక గీసినట్టు ఆకారాన్ని పట్టిస్తుంది. కంప్యూటర్‌లోనూ అదే చిట్కా పనిచేస్తుంది. గ్లాసు బాగాలేదని గ్లాసునే గంటల తరబడి దిద్దుతూ కూర్చునేవాడు గదిలో ఒక కిటికీ తెరిస్తే సరిపోయేది.

గ్రాఫిక్స్ నేర్చుకునే తెలుగువాడికి పరీక్ష పెట్టాలంటే గోలీ సోడా బుడ్డిని మించింది లేదు. మందపాటి గాజు, నొక్కిన మెడ, లోపల గాజు గోలీ, దానికింద నీళ్లు, నీళ్లలో గాలి బుడగలు. ఇంగ్లండుకి చెందిన హైరమ్ కాడ్ 1872లో పేటెంటు తీసుకున్న ఈ సీసాలో గ్రాఫిక్స్ సిలబస్ అంతా ఉంది. ఉదాహరణకి నీళ్లు. చాలామంది బుడ్డి లోపలి గోడకి తగలకుండా వెంట్రుకవాసి ఎడం వదిలి నీటిని నింపుతారు. కంప్యూటర్ ఆ ఎడాన్ని గాలి అనుకుంటుంది. గాజు నుంచి గాలికి, గాలి నుంచి నీటికి కిరణం రెండుసార్లు వంగి, లోపలి గోడ వెండిలా మెరిసిపోతుంది. నిజం బుడ్డిలో గాజూ నీరూ ఆనుకుని ఉంటాయి. వాటి గుణకాల మధ్య తేడా తక్కువ కాబట్టి అక్కడ వెనక్కి తిరిగే వెలుగు నూటికి అర వంతు కూడా ఉండదు. నీళ్లున్న మేరకు లోపలి గోడ దాదాపు మాయమవుతుంది, నీటి మట్టానికి పైన మళ్లీ తేలుతుంది. ఇది ఎవరూ ప్రత్యేకంగా గమనించరు. లేకపోతే మాత్రం బొమ్మ అబద్ధమని అందరికీ తెలిసిపోతుంది.

ఎండలో పెట్టిన బుడ్డి కింద బల్ల మీద వెలుగు గీతలు అల్లుకుంటాయి. గాజు కటకంలా పనిచేసి వెలుగును ఒకచోట పోగుచేయడం వల్ల పుట్టే ఈ గీతల్ని కాస్టిక్స్ అంటారు. కంటి నుంచి వెనక్కి నడిచే కిరణాలకి ఇవి అంత తేలిగ్గా దొరకవు. కంటి నుంచి బయలుదేరి, బల్లను తాకి, బుడ్డిలోంచి వంగి, సరిగ్గా దీపాన్ని గుడ్డిగా వెతికి పట్టుకోవాలంటే లాటరీయే. 1990ల మధ్యలో డెన్మార్క్‌కి చెందిన హెన్రిక్ వాన్ యెన్సెన్ ఈ చిక్కు విప్పాడు. దీపం నుంచి కూడా వెలుగు రేణువుల్ని బయలుదేరదీసి, అవి ఎక్కడెక్కడ వాలాయో పటం గీసుకుని, కంటి కిరణాలు వచ్చినప్పుడు ఆ పటం చూసుకోమన్నాడు. కాన్యాక్ గ్లాసు కింద బల్ల మీద బంగారు వెలుగు పరచుకున్న ఆయన బొమ్మ ఈ రంగంలో అందరికీ తెలిసినదే.

ఇంత చేసినా చివరికి ఒక లోపం మిగులుతుంది. వంపు కుదిరింది, మెరుపు కుదిరింది, నీడలో వెలుగూ కుదిరింది. అయినా బొమ్మలో గ్లాసు ఎక్కడో ప్లాస్టిక్‌లా అనిపిస్తుంది. కారణం అది మరీ స్వచ్ఛంగా ఉండటమే.

ఏ అద్దాల దుకాణానికైనా వెళ్లి కోసిపెట్టిన పలకల్ని పక్కనుంచి చూస్తే సంగతి తెలుస్తుంది. ఎదురుగా చూస్తే రంగే లేని పలక అంచు నుంచి చూస్తే ముదురు ఆకుపచ్చ. గోలీ సోడా బుడ్డిలో పచ్చని ఛాయ కూడా ఆ కోవదే. ఎవరో కలిపిన రంగు కాదది, ఇనుము. గాజుకి మూలమైన ఇసుకలో కాసింత ఇనుప ఆక్సైడు ఎప్పుడూ ఉంటుంది. మామూలు కిటికీ గాజులో దాని వాటా వెయ్యిలో ఒక వంతు, అటూ ఇటూగా. ఆ కాసింత ఇనుమే ఒక రూపంలో ఎరుపు వెలుగును, మరో రూపంలో ఊదా, నీలం వైపు వెలుగును కొద్దికొద్దిగా మింగుతుంది. మిగిలేది పచ్చ.

మింగడానికీ ఒక లెక్క ఉంది. ఒక పలకని అడ్డంగా దాటేటప్పుడు ఎరుపు వెలుగులో నూటికి ఒక వంతు పోతుందనుకుందాం. కంటికి తెలియదు. అదే పలకలో అంచు నుంచి అంచుకి, నూరు రెట్లు దూరం ప్రయాణిస్తే? మిగిలేది నూటికి 37 వంతులు మాత్రమే. పచ్చ వెలుగు వెయ్యికి రెండు వంతులే పోగొట్టుకుంటుందనుకుంటే అదే దూరానికి నూటికి 82 వంతులు మిగులుతుంది. అంటే గాజు రంగు దాని ఉపరితలం మీద లేదు, వెలుగు నడిచిన దూరంలో ఉంది. బొమ్మలో గ్లాసుకి పైపైన పచ్చరంగు పులిమితే పెదవి దగ్గరి పలుచటి అంచూ, మందపాటి అడుగూ ఒకే రంగులో కనిపిస్తాయి. అది గాజుకి వేసిన సున్నం. లోపల నడిచిన దూరాన్ని బట్టి మింగమని చెబితే అంచు తేటగా, అడుగు చిక్కగా తేలుతుంది. కన్ను అప్పుడు గాని ‘అవును, గాజే’ అనదు.

ఇక్కడ కిరండూల్ మళ్లీ కథలోకి వస్తుంది. రైలు అరకు దాటి, ఒడిశా దాటి, బస్తర్ అడవుల్లోంచి దాదాపు 450 కిలోమీటర్లు నడిచి ఆగే చోట ఉన్నది బైలాడిలా కొండ వరస. ఎద్దు మూపురంలా ఉంటుందనే దానికి ఆ పేరు. ఆ మూపురం నిండా ఇనుమే. జపాన్ ఉక్కు మిల్లులకి ఖనిజం పంపడానికి 1960లలో ఈ లైను వేశారు. 1968లో 14వ నంబరు నిక్షేపంలో తవ్వకం మొదలైంది. తవ్వే సంస్థ ఎన్ఎండీసీ ప్రధాన కార్యాలయం ఉన్నది హైదరాబాద్‌లో. గనుల వెంటా రైలు వెంటా వెళ్లిన తెలుగు కుటుంబాలు కిరండూల్‌లో, పక్కనున్న బచేలీలో తరాలుగా ఉన్నాయి. ఇక్కడి ఖనిజంలో ఇనుము నూటికి 65 వంతుల దాకా ఉంటుంది.

ఉమ్మడి నెల్లూరు జిల్లాలోని గూడూరు, చిల్లకూరు, కోట ప్రాంతాల తెల్ల ఇసుక గాజు పరిశ్రమకి పేరుమోసిన ముడిసరుకు. అక్కడ ఇసుక విలువ కట్టేది అందులో ఇనుము ఎంత తక్కువ ఉంటే అంత. కిరండూల్‌లో ఏది సంపదో గూడూరులో అది మలినం. తేట గాజు కావాలంటే ఇనుముని పదో వంతుకి తగ్గించాలి, అందుకు ధర ఎక్కువ కట్టాలి. పూర్వం గాజు చేసేవాళ్లు పచ్చదనం చంపడానికి మాంగనీసు కలిపేవారు. దానికి ‘గాజు సబ్బు’ అని ముద్దుపేరు.

ఇనుము ఒకటే, వేషాలు అనేకం. బైలాడిలాలో గట్టి ముద్దగా ఉన్నప్పుడు ఉక్కులా బూడిదరంగు. కొన్నిచోట్ల నలిగి పొడిగా దొరికేదాన్ని గనుల్లో ‘బ్లూ డస్ట్’ అంటారు. లారీ చక్రాల కింద ధూళిగా లేస్తే ఎరుపు. గాజులో కరిగితే పచ్చ. గ్రాఫిక్స్ నేర్చుకునేవాడికి ఇంతకంటే మంచి పాఠం లేదు. రంగు పదార్థం పేరులో లేదు, వెలుగు ఆ పదార్థాన్ని ఏ రూపంలో కలుసుకుంటుందో అందులో ఉంది.

తెలుగు నేల మీద ఈ విద్య కొత్తదేమీ కాదు. 2012లో రాజమౌళి ‘ఈగ’ వచ్చింది. కథానాయకుడే గ్రాఫిక్స్. ఈగ అంటే సగం రెక్కలు, రెక్కలంటే పారదర్శకమైన పొరలు. ఆ చిత్రానికి పనిచేసిన హైదరాబాద్ సంస్థ మకుట వీఎఫ్ఎక్స్‌కి ఉత్తమ స్పెషల్ ఎఫెక్ట్స్ జాతీయ అవార్డు దక్కింది. అదే ఏడాది వచ్చిన హాలీవుడ్ చిత్రం ‘లైఫ్ ఆఫ్ పై’కి పనిచేసిన రిథమ్ అండ్ హ్యూస్ సంస్థకి హైదరాబాద్‌లోనూ శాఖ ఉండేది. 2013 ఫిబ్రవరి 24న ఆ చిత్రానికి విజువల్ ఎఫెక్ట్స్ ఆస్కార్ వచ్చింది. దానికి రెండు వారాల ముందే ఆ సంస్థ దివాలా పిటిషన్ వేసింది. వేదిక మీద బిల్ వెస్టెన్‌హోఫర్ సంస్థ కష్టాల ప్రస్తావన తేగానే సంగీతం మోగించి ఆయన మాట ఆపేశారు.

ఈ వృత్తి స్వభావమే అంత. పని చెడితే కనిపిస్తుంది, కుదిరితే కనిపించదు. గాజుకీ దాన్ని చేసినవాడికీ ఒకే రాత. సినిమా చివర పేర్లు పాకే సమయానికి హాల్లో జనం చెప్పులు వెతుక్కుంటుంటారు.

పనిముట్లు మాత్రం ఇప్పుడు అందరివీ అయ్యాయి. 2002లో ఓపెన్ సోర్స్‌గా మారిన బ్లెండర్ సాఫ్ట్‌వేర్‌ని కిరండూల్ క్వార్టర్స్‌లోని కుర్రాడు కూడా పైసా ఖర్చు లేకుండా దించుకోవచ్చు. స్నెల్, ఫ్రెనెల్ లెక్కలన్నీ అందులో ముందే అమర్చి ఉంటాయి. మాటల్లో అడిగితే బొమ్మ గీసిచ్చే కృత్రిమ మేధ కూడా వచ్చేసింది. అది చూసిన లక్షల బొమ్మల పోలికతో గాజును గీస్తుంది, కిరణాన్ని వెంబడించదు. అందుకే ఒక్కోసారి గ్లాసులో నీళ్లు వంగినా వెనకున్న గీత వంగదు, గదిలో లేని కిటికీ సీసా మీద మెరుస్తుంది. తప్పు పట్టుకోవడానికైనా గాజు ఎలా పనిచేస్తుందో తెలిసినవాడే కావాలి.

పారదర్శకత అనే మాట వార్తల్లో అరిగిపోయింది. ప్రతి ప్రభుత్వమూ, ప్రతి కంపెనీ పారదర్శకంగా ఉన్నామనే అంటుంది. వాళ్లు చూపించేది తరచూ మన కుర్రాడి మొదటి గ్లాసు లాంటిదే. మీట నూటికి నూరు తిప్పారు, ఏమీ కనపడటం లేదు కాబట్టి దాచినదేమీ లేదంటారు. గాజు చెప్పేది వేరు. పారదర్శకమంటే ఏమీ లేకపోవడం కాదు. వెనక్కి తిరిగినదెంత, వంగినదెంత, లోపల మిగిలిన ఇనుమెంత అన్నీ లెక్కలో చూపడం.

కిరండూల్ కుర్రాడు ఈ లెక్క నేర్చుకోవడానికి కంప్యూటర్ దగ్గరే కూర్చోనక్కర్లేదు. బైలాడిలా కొండల నుంచి దిగి శంఖిని నదిలో కలిసే వాగులు గనుల మట్టితో ఎర్రబారాయని, తాగడానికీ సాగుకీ పనికిరాకుండా పోయాయని అక్కడి ఆదివాసులు దశాబ్దాలుగా మొరపెట్టుకుంటున్నారు. గాజులోని ఇనుములా ఇది కరిగి, వెలుగును దారినిచ్చే ఇనుము కాదు. నీటిలో తేలే నలుసు. తగిలిన వెలుగునల్లా చెదరగొట్టి ఎర్రగా వెనక్కి విసిరే రకం. గ్రాఫిక్స్‌లో దీనికి వేరే లెక్క, వేరే మీట ఉన్నాయి. నలుసు సాంద్రత పెంచిన కొద్దీ అడుగున ఉన్న రాయి ముందు మసకబారుతుంది, తర్వాత మాయమవుతుంది.

వాగు ఒడ్డున ఒక గాజు గ్లాసు ముంచి ఎండకి ఎత్తి పట్టుకుంటే పాఠం మొత్తం ఒక్కచోటే ఉంటుంది. గ్లాసు అడుగున మందపాటి గాజులో పచ్చటి ఇనుము, దానిపైన నీళ్లలో ఎర్రటి ఇనుము. కాసేపు కదపకుండా ఉంచితే నలుసు మెల్లగా దిగుతుంది, పైన ఒక వేలెడు నీరు తేరుకుంటుంది. ఆ వేలెడు తేట నీటిని బొమ్మలో గీయడం కుర్రాడికి తేలికే, గుణకం 1.33 అని ఇస్తే చాలు. అదే నీటిని వాగులో తేవాలంటే ఏ మీట తిప్పాలో ఆ సాఫ్ట్‌వేర్‌లో లేదు.